బొమ్మ కారు మీద రంగు నిలిచిన కథ

అరచేతిలో ఇమిడే బొమ్మ కారు మీద రంగు మొదట పోయే చోట్లు ఎప్పుడూ అవే: పైకప్పు అంచు, చక్రాల మీది మడ్‌గార్డుల ఉబ్బు, బంపరు కొనలు, హెడ్‌లైట్ల మీది వెండిరంగు. పిల్లల చేతుల్లో పడి నలగడం ఒక్కటే ఇందుకు కారణం కాదు. తడి రంగు పదునైన అంచు మీద నిలవదు. తలతన్యత దాన్ని రెండు పక్కలకూ లాగేస్తుంది. ఆరాక చూస్తే చదునైన చోట ఉన్నంత మందం అంచు మీద ఉండదు. అసలు కారును నలభై మూడో వంతుకు కుదిస్తే తలుపు సందులు, గ్రిల్ కమ్మీలు, అంచులు అన్నీ ఆ లెక్కనే చిన్నవవుతాయి. రంగు పొర మాత్రం అంత పలచన కాదు. మందంగా వేస్తే తలుపు గీతలు పూడిపోతాయి, పలచగా వేస్తే గోరు తగిలినా లేచిపోతుంది. బొమ్మ కార్ల తయారీదారులు వందేళ్లకు పైగా ఈ చిక్కుతోనే కుస్తీ పడ్డారు.

తొలినాటి బొమ్మ కార్లు రేకువి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జర్మనీలోని న్యూరెంబర్గ్ ఈ పనికి పెద్ద కేంద్రం. ఖరీదైన బొమ్మలకు చేత్తో రంగులు వేసేవారు. చవక బొమ్మలకు అచ్చు పద్ధతి వచ్చింది. రేకు మీద నేరుగా అచ్చు వేయగల లిథోగ్రఫీ యంత్రానికి 1875లో ఇంగ్లండ్‌లో రాబర్ట్ బార్క్‌లే పేటెంట్ పొందాడు. రాయికీ రేకుకూ మధ్య ఒక సిలిండర్ పెట్టి, దాని మీదుగా బొమ్మను రేకు మీదికి దించడం ఇందులోని కిటుకు. దీంతో రేకు చదునుగా ఉన్నప్పుడే కిటికీలు, తలుపు పిడులు, చక్రాల ఆకులు, లోపల కూర్చున్న డ్రైవరు ముఖంతో సహా అచ్చయిపోయేవి. పైన వార్నిష్ పూసి పొయ్యిలో ఆరబెట్టాకే రేకును కత్తిరించి, వంచి, కారు ఆకారానికి తెచ్చేవారు. వంపు దగ్గర పగలకుండా రంగే సాగాలి కాబట్టి సిరాల తయారీలో చాలా నేర్పు చూపారు. అయినా ఒక లోపం మిగిలింది. అచ్చు వేశాక కత్తిరించిన అంచు మీద ఏ పూతా ఉండదు. పాత రేకు బొమ్మలకు తుప్పు అక్కడే మొదలై, లోపలికి పాకి, రంగును కింద నుంచి లేపేస్తుంది.

రేకు పోయి పోత లోహం వచ్చాక ఈ వరుస తలకిందులైంది. కరిగిన లోహాన్ని అచ్చులో పోసి కారును తీశాకే రంగు వేయాలి. ముందు అచ్చు వేసి తర్వాత వంచే వీలు లేదు. ఈ మార్పుకు నాంది పలికినది షికాగోలోని డౌస్ట్ సోదరుల సంస్థ. 1893లో ఆ ఊళ్లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో వాళ్లు లైనోటైప్ యంత్రాన్ని చూశారు. అక్షరాలను సీసపు మిశ్రమంతో పోతపోసే ఆ యంత్రం పద్ధతినే చిన్న చిన్న వస్తువులకు వాడుకున్నారు. 1910లలో ఆ దారిలోనే బుల్లి కార్లు వచ్చాయి. తర్వాత ఆ బొమ్మలు ‘టూట్సీటాయ్’ అన్న పేరుతో అమెరికా అంతటా అమ్ముడయ్యాయి.

ఒకే ముక్కగా పోతపోసిన కారును రంగులో ముంచితేనో స్ప్రే కొడితేనో అంతా ఒకే రంగు అవుతుంది. రెండు రంగులు కావాలంటే? 1930ల మొదట్లో టూట్సీటాయ్ తెచ్చిన గ్రాహమ్ కార్లు దీనికి చక్కటి జవాబు చెప్పాయి. బాడీ ఒక ముక్క, మడ్‌గార్డులతో కలిసిన ఛాసీ ఇంకో ముక్క, గ్రిల్, హెడ్‌లైట్లు కలిపి నికెల్ పూత పూసిన మూడో ముక్క. వేటి రంగు వాటికి విడిగా వేసి ఆరాక బిగించేవారు. రెండు రంగుల మధ్య గీత చెదరదు, ఒక రంగు ఇంకోదాని మీదికి పాకదు. గ్రిల్‌కు రంగే లేదు కాబట్టి పెచ్చులుగా లేచే ప్రశ్నే లేదు. రంగును కాపాడటానికి పుట్టిన ఉపాయాల్లో అన్నిటికన్నా తెలివైనది ఇదే అనడానికి సందేహించనక్కరలేదు. ఇవాళ వేల రూపాయలు పలికే మోడల్ కార్లలో కిటికీ చట్రాలు, వైపర్లు, బ్యాడ్జీలు విడి ముక్కలుగా చేసి అతికించడం కూడా ఇదే ఆలోచనకు కొనసాగింపు.

ఇంగ్లండ్‌లో ఆ ఆలోచనను అందిపుచ్చుకున్నది లివర్‌పూల్‌లోని బిన్స్ రోడ్ కార్ఖానా. మెకానో కనిపెట్టిన ఫ్రాంక్ హార్న్‌బీ సంస్థ 1933 చివర బొమ్మ రైళ్ల పక్కన పెట్టుకోవడానికి కొన్ని వాహనాలను తెచ్చింది. 1934లో వాటికి ‘డింకీ టాయ్స్’ అని పేరు పెట్టింది. మొదట సీసం వాడినా, త్వరలోనే జింకులో అల్యూమినియం, రాగి, కొద్దిగా మెగ్నీషియం కలిపిన మజాక్ మిశ్రమానికి మారింది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందరి డింకీ కార్లలో చాలావాటిని ఇవాళ చేతిలోకి తీసుకోవడానికి కూడా భయపడాల్సిన పరిస్థితి ఉంది. అందుకు కారణం లోహమే, రంగు కాదు. జింకులో సీసం, కాడ్మియం, తగరం అతి కొద్దిగా కలిసినా కొన్నేళ్లకు లోపలి రేణువుల మధ్య తినివేత మొదలవుతుంది. గాలిలో తేమ దాన్ని పెంచుతుంది. లోహం ఉబ్బి, వంకరపోయి, బీటలు వారి, చివరికి పొడి అవుతుంది. పైన రంగు ఎంత బాగున్నా లోహంతో పాటే పగులుతుంది. దీనికి మందు లేదు. 99.99 శాతం స్వచ్ఛమైన జింకు వాడటం, అచ్చు దగ్గర సీసపు తునకలు కలవనీయకపోవడం మాత్రమే నివారణ. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ జాగ్రత్త బాగా పెరిగింది.

మంచి జింకు మీద కూడా రంగు సులువుగా పట్టదు. పోత నుంచి వచ్చిన కారుకు అచ్చులో పూసిన జిడ్డు అంటుకుని ఉంటుంది. పైగా నూనె ఆధారిత ఎనామిల్ రంగులు జింకుతో కలిసి సబ్బు వంటి పొరను కడతాయి, దాంతో పట్టు సడలుతుంది. అందుకే ఫ్యాక్టరీలో రంగు కన్నా ముందు జరిగే పనులే ఎక్కువ. పోత అంచుల్లో మిగిలిన పలచటి రేకును దొర్లించి రాల్చడం, జిడ్డు కడగడం, రసాయనంలో ముంచి లోహానికి రంగును పట్టే గుణం కలిగించడం, ఆ తర్వాతే స్ప్రే, ఆపైన పొయ్యి. పొయ్యిలో ఉడికిన ఎనామిల్ గాలికి ఆరిన దానికన్నా ఎంతో గట్టిగా ఉంటుంది. 1950ల డింకీ కార్లు ఇప్పటికీ నిగనిగలాడుతున్నాయంటే ఆ పొయ్యి చలవే.

చివరగా వేసే వెండిరంగుకు ఆ గట్టిదనం ఉండేది కాదు. హెడ్‌లైట్లు, గ్రిల్, బంపరు మీద కుంచెతో గానీ, కన్నాలున్న మూసను ఆనించి స్ప్రేతో గానీ దాన్ని వేసేవారు. వెండిరంగు అంటే నూనెలోనో వార్నిష్‌లోనో కలిపిన అల్యూమినియం పలుకులు. అద్దంలా మెరిసే రకంలో ఆ పలుకులు పైకి తేలి ఒకదాని పక్కన ఒకటి పరుచుకుంటాయి. మెరుపు అందుకే వస్తుంది, వేలికి అంటుకుని అరిగిపోయేది కూడా అందుకే. కాపుదలకని పైన వార్నిష్ వేస్తే పలుకుల అమరిక చెదిరి మెరుపు బూడిదరంగుకు తిరుగుతుంది. మెరుపు కావాలంటే రక్షణ వదులుకోవాలి, రక్షణ కావాలంటే మెరుపు వదులుకోవాలి. బొమ్మల కంపెనీలు మెరుపునే ఎంచుకున్నాయి. పాత బొమ్మ హెడ్‌లైట్ల మీద వెండి చుక్క చెక్కుచెదరకుండా ఉంటే అది ఎవరి చేతుల్లోనూ ఎక్కువగా ఆడలేదని కలెక్టర్లు చెప్పేది ఇందువల్లే.

ఇక రెండు రంగుల బాడీ సంగతి. నిజమైన కార్లలో రెండు రంగుల ఫ్యాషన్ 1920ల అమెరికాలో వచ్చింది. ఒక రంగు వేసిన భాగాన్ని కాగితంతో కప్పి రెండోది కొట్టాక, కాగితాన్ని అతికించిన బంక మొదటి రంగును కూడా ఊడబెరుక్కుని వచ్చేది. మిన్నెసోటాలోని 3ఎం కంపెనీ ఉద్యోగి రిచర్డ్ డ్రూ ఒక రిపేరు షాపులో ఈ అవస్థ చూసి, 1925లో మెల్లగా అంటుకుని మెల్లగా ఊడివచ్చే కాగితపు టేపు చేశాడు. ఇవాళ ప్రతి మోడల్ కారు తయారీదారు బల్ల మీద ఉండే మాస్కింగ్ టేపు అలా అసలు కార్ల కోసమే పుట్టింది. వేలకు వేలు బొమ్మలు చేసే ఫ్యాక్టరీలో ఒక్కోదానికీ టేపు అతికించడం కుదరదు. అక్కడ ఒక్కో మోడల్ ఒంపులకు సరిగ్గా అతుక్కునే లోహపు ముసుగు చేసుకుని, కారును అందులో పెట్టి స్ప్రే కొట్టేవారు. 1950లలో డింకీ రెండు రంగుల కార్లన్నీ ఇలా వచ్చినవే. ముసుగు మీద రంగు పేరుకుపోతే అది సరిగ్గా ఆనదు, కింది నుంచి రంగు పొగలా చొరబడుతుంది. అందుకే ముసుగులను తరచూ కడిగేవారు. నిజమైన ఫ్యాక్టరీ కారు మీద రెండు రంగులు కలిసే గీత భూతద్దంలో కాస్త మెత్తగా కనిపిస్తుంది. తర్వాత ఎవరో టేపు వేసి తిరిగి రంగు వేసిన దాని మీద గీత కత్తితో కోసినట్టు ఉండి, అంచున చిన్న గట్టు కడుతుంది.

లండన్‌లో లెస్లీ స్మిత్, రాడ్నీ స్మిత్ 1947లో మొదలుపెట్టిన లెస్నీ సంస్థలో జాక్ ఓడెల్ చేరాడు. తన కూతురు బడికి అగ్గిపెట్టెలో పట్టే బొమ్మనే తీసుకెళ్లవచ్చన్న నియమం ఉండటంతో ఆమెకు ఇత్తడితో చిన్న రోడ్ రోలరు చేసి ఇచ్చాడు. 1953లో వచ్చిన మ్యాచ్‌బాక్స్ వరుసకు అదే మూలం. అంత చిన్న కారు మీద చేతి వెండిపూత ఖర్చుతో కూడిన పని. స్వాన్సీలో 1956లో మొదలైన కోర్గీ కార్లు పారదర్శకమైన ప్లాస్టిక్ కిటికీలతో వచ్చాయి. కంపెనీలు ఒకదానితో ఒకటి పోటీ పడటంతో 1960లలో రంగు పూసిన గ్రిల్, బంపర్ల స్థానంలో మెరుపు పూత పూసిన ప్లాస్టిక్ ముక్కలు వచ్చాయి. ప్లాస్టిక్ మీద ముందు లక్క పొర, గాలి తీసేసిన గదిలో ఆవిరైన అల్యూమినియంతో అతి పలచటి పొర, పైన మళ్లీ పారదర్శకమైన లక్క. ఆ పై పొర అరిగితే అల్యూమినియం మాయమైపోతుంది.

1968లో మాటెల్ కంపెనీ హాట్ వీల్స్ తెచ్చినప్పుడు రంగు గురించిన ఆలోచనే మారింది. స్పెక్ట్రాఫ్లేమ్ అన్న ఆ పూత కింది లోహాన్ని కప్పదు, చూపిస్తుంది. మెరిసేలా సిద్ధం చేసిన లోహం మీద పారదర్శకమైన రంగు లక్కను వేస్తే వెలుతురు లోపలికి పోయి, లోహం మీద పడి వెనక్కి వస్తుంది. అంత అందం మరే బొమ్మకూ రాలేదు. కానీ కింద ప్రైమరు అనే తొలి పూత లేదు, కాబట్టి పట్టు తక్కువ. పైగా పారదర్శకమైన పూత కింద జింకు నల్లబడితే అది పైకి మచ్చలుగా కనిపిస్తుంది. ఖర్చు తగ్గించుకోవడానికి 1973లో మాటెల్ మామూలు ఎనామిల్‌కు మారింది. ఆ మామూలు రంగు వెలితిని పూడ్చడానికే 1974 నుంచి కార్ల మీద మంటలు, గీతలు, అంకెలు అచ్చు వేయడం మొదలైంది.

అంతవరకు అలంకారం అంటే ఎక్కువగా స్టిక్కరే. పెట్టెలో వచ్చే స్టిక్కర్లను పిల్లలే అతికించుకునేవారు. కొన్నేళ్లకు బంక ఎండి అంచులు లేచేవి. వాటి స్థానంలో వచ్చినది ప్యాడ్ అచ్చు. స్విట్జర్లాండ్ గడియారాల డయళ్ల మీద జెలటిన్ దిమ్మెతో అంకెలు వేసే పాత పద్ధతికి, 1960ల చివర జర్మనీలో సిలికాన్ రబ్బరు దిమ్మె తోడైంది. ఉక్కు పలక మీద బొమ్మను అతి తక్కువ లోతున చెక్కి, సిరా పోసి, బ్లేడుతో పైపైది గీకేస్తే చెక్కిన చోటే సిరా మిగులుతుంది. సిరాలోని ద్రావకం కొంత ఆవిరై దాని పైభాగం జిగురుగా మారుతుంది. మెత్తటి సిలికాన్ దిమ్మె దిగి దాన్ని ఎత్తుకుంటుంది. దిమ్మె గాలిలో కారు వైపు జరిగేలోగా సిరా రెండో ముఖం కూడా జిగురెక్కుతుంది. ఉబ్బెత్తు దిమ్మె కారు వంపు మీద మధ్య నుంచి అంచులకు వాలుతూ గాలిని బయటికి నెడుతుంది. సిలికాన్‌కు సిరా అంటి ఉండదు, రంగు మీద మాత్రం అంటుకుంటుంది. దిమ్మె శుభ్రంగా పైకి లేస్తుంది. ఒక్కో రంగుకు ఒక్కో దెబ్బ. తలుపు పిడి మీది తాళపు రంధ్రాన్ని కూడా చూపగలిగేంత సన్నటి పని ఇందులో కుదిరింది. కానీ సిరా పొర చాలా పలచన, గోటితో గీకితే పోతుంది. అందుకే మేలైన మోడళ్లకు అచ్చు పైన పారదర్శకమైన పూత వేస్తారు.

ఇదంతా ఫ్యాక్టరీ కథ. బల్ల ముందు కూర్చుని ఒక్కో ముక్కకు రంగు వేసేవారి కథ దీనికి సమాంతరంగా నడిచింది. డెట్రాయిట్‌లో 1948లో మొదలైన ఎఎంటి సంస్థ కార్ల డీలర్లకు అసలు కారు రంగుల్లోనే ప్లాస్టిక్ నమూనాలు చేసి ఇచ్చేది. అప్పటి అసిటేట్ ప్లాస్టిక్ కొన్నేళ్లకు వంకరపోయేది. పాలీస్టైరిన్ వచ్చాక వంకర తప్పింది. 1958లో ఎఎంటి ఒకే పెట్టెలో మూడు తీరుల్లో కట్టుకోగల కిట్లు తెచ్చాక, ఇంట్లో రంగులు వేసుకునే అలవాటు అమెరికా అంతటా పాకింది. ఈ స్టైరిన్‌కు కార్ల లక్క పడదు. అందులోని థిన్నరు ప్లాస్టిక్‌ను తిని, మీద సన్నటి బీటలు తెస్తుంది. దాన్ని అడ్డుకోవడానికే ప్రైమరు. ఆరీ ఆరని ఎనామిల్ మీద లక్క కొడితే కింది పొర ఉబ్బి పాల మీద మీగడలా ముడతలు పడుతుంది. ఎనామిల్ పూర్తిగా ఆరాక నీటి ఆధారిత అక్రిలిక్ వేస్తే ఆ గొడవ ఉండదు.

ఇంటి బల్ల మీద పుట్టిన ఉపాయాల్లో బ్యాడ్జీ అక్షరాలను వెలికితీసే పద్ధతి చెప్పుకోదగ్గది. అసలు కారు వెనక భాగంలో కంపెనీ పేరు క్రోమ్ అక్షరాలతో ఉబ్బెత్తుగా ఉంటుంది. బుల్లి కారు మీద ఆ అక్షరాల ఎత్తు వెంట్రుక మందం. కుంచెతో వెండిరంగు వేయబోతే పక్కలకు జారుతుంది. అందుకని తొలి పూత వేసి ఆరాక, జిగురున్న అతి పలచటి అల్యూమినియం ఫాయిల్ ముక్కను అక్షరాల మీద పరిచి, కొన మొద్దుబారిన పుల్లతో అక్షరాల సందుల్లోకి నొక్కుతారు. కొత్త బ్లేడుతో చుట్టూ కోసి మిగిలింది లాగేస్తారు. తర్వాత ఏమీ పట్టనట్టు మొత్తం బాడీకి అసలు రంగు వేస్తారు. అక్షరాలు రంగు కింద పడి కనిపించవు. బాగా ఆరాక థిన్నరులో తడిపి పిండిన దూది పుల్లతో అక్షరాల నెత్తిన మాత్రమే మెల్లగా రుద్దితే, ఉబ్బెత్తు చోట రంగు పోయి కింద ఫాయిల్ మెరుస్తుంది. పల్లాల్లో రంగు అలాగే ఉంటుంది. అంచు మీద రంగు నిలవదన్న ఆ దోషమే ఇక్కడ పని సాధించి పెడుతుంది. చివరగా దాని మీద పారదర్శకమైన పూత.

ఆ పూత విషయంలో కూడా మోడలర్లు చాలా నేర్చుకున్నారు. నీటిలో నానబెట్టి జార్చే డెకాల్‌ను గరుకు రంగు మీద పెడితే కింద గాలి చిక్కుకుని తెల్లటి మచ్చలు కనిపిస్తాయి. అందుకే ముందు నునుపైన పూత, మీద డెకాల్, దాన్ని మెత్తబరిచే ద్రావణం, తర్వాత మళ్లీ పూత. ఆరిన పూతను సన్నటి గరుకు కాగితంతో మెరుగు పెట్టేటప్పుడు మళ్లీ అంచులే ముందు అరుగుతాయి. అనుభవజ్ఞులు అంచులకు టేపు అంటించి, మధ్య భాగమంతా అయ్యాక చివర్లో వాటి జోలికి వెళ్తారు. అమెరికా వంటిళ్లలో నేల తుడిచే ‘ఫ్యూచర్’ అన్న అక్రిలిక్ పాలిష్‌ను కూడా చాలామంది ఇందుకే వాడారు. అది దానంతట అదే చదునుగా పరుచుకుంటుంది, నచ్చకపోతే అమ్మోనియాతో కడిగేయవచ్చు. అసలు కార్లకు వాడే రెండు భాగాల యురేథేన్ దీనికి పూర్తి భిన్నం. గాజులా గట్టిది, కానీ ఒకసారి గట్టిపడితే వెనక్కి తీయలేరు. దాని గట్టిదనానికి కారణమైన ఐసోసయనేట్లు ఊపిరితిత్తులకు ప్రమాదం. సరైన రెస్పిరేటరు, గాలి ధారాళంగా వచ్చే చోటు లేకుండా దాన్ని ముట్టుకోకూడదు.

రంగును కాపాడటంతో పాటు రంగు నుంచి పిల్లలను కాపాడాల్సి వచ్చింది. నిగనిగలాడే పసుపు, ఎరుపులకు సీసపు రంగులు వాడటం చాలా కాలం సాగింది. 1978లో అమెరికా సీసం రంగులను నిషేధించింది. అయినా 2007లో మాటెల్ సంస్థ చైనాలో తయారైన ‘సార్జ్’ అనే బొమ్మ జీపులను సీసం కారణంగా 4 లక్షలకు పైగా వెనక్కి పిలవాల్సి వచ్చింది. తర్వాత అమెరికాలో సీసం హద్దును పది లక్షల పాళ్లలో 90కి తగ్గించారు. మన దేశంలో ఇళ్ల రంగులకు 2016లో ఇదే హద్దు పెట్టారు. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు బిఐఎస్ గుర్తు తప్పనిసరి అయింది.

ఈ చరిత్రలో భారతదేశానికి ఒక చిన్న అధ్యాయం ఉంది. 1960ల చివర డింకీ పాత అచ్చులు కొన్ని కలకత్తా చేరాయి. అక్కడ ‘నిక్కీ టాయ్స్’ పేరుతో జాగ్వార్, ఫోక్స్‌వ్యాగన్ వంటి కార్లు పోతపోశారు. అచ్చు అదే అయినా కింది పలక మీద పాత పేరు చెరిపేసిన ఆనవాళ్లు కనిపిస్తాయి. అచ్చు ఒక్కటే సరిపోదనీ, రంగు ముందరి సన్నాహం, పొయ్యి, చేతిపని కలిస్తేనే ఆ నాణ్యత వస్తుందనీ లివర్‌పూల్ కారును, కలకత్తా కారును పక్కపక్కన పెట్టినవారికి అర్థమవుతుంది.

ఈ ఉపాయాలన్నిటికన్నా ఎక్కువ రంగును కాపాడినది అట్టపెట్టె. డింకీ కార్లు మొదట్లో ఆరేసి చొప్పున ఒక పెట్టెలో దుకాణాలకు వచ్చేవి, అమ్ముడుపోకముందే ఒకదానికొకటి రాసుకునేవి. 1950ల మొదట్లో ఒక్కో కారుకు ఒక్కో పెట్టె వచ్చింది. 1968లో హాట్ వీల్స్ అట్ట మీద ప్లాస్టిక్ బుడగలో వచ్చాయి. పెట్టె కూడా అన్నిటి నుంచీ కాపాడలేదు. ఎండ తగిలితే రంగులు వెలిసిపోతాయి. ప్యాకింగ్‌లోని స్పాంజి ఏళ్లు గడిచాక జిగురై రంగుకు అతుక్కుంటుంది. కొన్ని కిట్ల వినైల్ టైర్ల నుంచి కారే ద్రవం స్టైరిన్ చక్రాలను కరిగిస్తుంది.

పాత ఫ్యాక్టరీ రంగు పెచ్చులు లేచి ఉన్నా సరే, దాని మీద కొత్త వార్నిష్ వేయకూడదు. వేసిన పూతను తీయబోతే అసలు రంగు కూడా దానితో పాటే ఊడివస్తుంది. తిరిగి రంగు వేసిన కారు ఎంత అందంగా ఉన్నా కలెక్టర్ల దగ్గర అసలు రంగున్న దానికి సాటిరాదు. మెత్తటి కుంచెతో దుమ్ము దులిపి, ఎండ తగలని పొడి చోట విడిగా పెట్టడమే దానికి చేయగలిగిన సేవ. ఇంట్లో అటక మీద అలాంటి కారు, దాని పెట్టె ఉన్నవారు పెట్టెను పారేయకూడదు.